పాంటూన్ కొనాలా, అద్దెతో సరిపెట్టుకోవాలా? డాలస్ చుట్టుపక్కల గాలం వేసేవాళ్లకు నా లెక్క

మాది నరసాపురం. అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వెళ్లాలంటే గోదావరి మీద పంటు ఎక్కాల్సిందే. స్కూటర్లు, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లివాళ్లు, అందరూ ఒకే బల్ల మీద నిలబడి రేవు దాటేవాళ్లం. డాలస్ వచ్చిన కొత్తలో లూయిస్‌విల్ లేక్ మీద మొదటిసారి పాంటూన్ బోటు చూసినప్పుడు నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. ఇది మన పంటే, కాకపోతే సోఫాలు వేశారు అనుకున్నాను. రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద చదునైన అంతస్తు, చుట్టూ కంచె, వెనక ఒక ఇంజన్. 1950ల మొదట్లో మిన్నెసోటాలో ఆంబ్రోజ్ వీరెస్ అనే ఆయన రెండు ఇనప డ్రమ్ముల్లాంటి గొట్టాల మీద చెక్క అంతస్తు బిగించి తయారుచేసిన బోటు నుంచి ఇవన్నీ పుట్టాయంటారు. ఇప్పుడు చాలా కంపెనీలు ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే ఉన్నాయి.

ఆరేళ్లుగా నా దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ పాంటూన్ ఉంది, 22 అడుగులది. ఎండాకాలం వస్తే చాలు, "అన్నా, కొనమంటావా?" అని ఫోన్లు మొదలవుతాయి. నేను తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాను. నీతో ఎవరెవరు ఎక్కుతారు? ఏ లేకు? బోటు ఎక్కడ పెడతావు? వీటికి జవాబు చెప్పలేనివాళ్లతో ఇంజన్ గురించి మాట్లాడటం దండగ.

ముందు అద్దె సంగతి

నెలకు రెండుసార్లయినా నీళ్ల మీదకు వెళ్లనివాళ్లకు సొంత బోటు అక్కర్లేదని నా అభిప్రాయం. కొన్న రోజు కట్టేది ఒక ఖర్చు. ఆ తర్వాత పార్కింగ్ అద్దె, ఇన్సూరెన్స్, సర్వీసు, పెట్రోలు, బ్యాటరీలు, ఇవి బోటు కదిలినా కదలకపోయినా వస్తూనే ఉంటాయి. ఒక సీజనంతా అద్దె బోట్లు తీసుకుని చూడండి. ఒకసారి మామూలు పనిరోజు, ఒకసారి శనివారం మధ్యాహ్నం, ఒకసారి కాస్త గాలి ఉన్న రోజు, ఒకసారి అమ్మానాన్నలతో వెళ్లండి. శనివారం మధ్యాహ్నం లూయిస్‌విల్‌లో పెద్ద బోట్లు రేపే అలల మధ్య ఊగాక చాలామందికి ఉత్సాహం సగానికి దిగిపోతుంది. దిగకపోతే అప్పుడు కొనండి.

అద్దెతో ఒక చిక్కుంది. చేపలు కొరికేది తెల్లారుజామున, సాయంత్రం చీకటి పడే ముందు. అద్దె బోట్లు చేతికిచ్చేసరికి సాధారణంగా ఎండెక్కిపోతుంది, చీకటి పడకముందే తిరిగి అప్పగించాలి. షికారుకు అద్దె బోటు బాగానే ఉంటుంది. గాలం పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం అది భోజనాల వేళ దాటాక పెళ్లికి వెళ్లినట్టుంటుంది.

మూడో దారి కూడా ఉంది. మీ కోరికల్లా టెక్సోమా లేకులో స్ట్రైపర్ అనే చేపను పట్టాలన్నదే అయితే బోటు మాటే ఎత్తకండి, గైడ్‌ని మాట్లాడుకోండి. 1944లో రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ కట్టాక ఏర్పడిన ఆ లేకులో స్ట్రైపర్ తనంతట తానే గుడ్లు పెట్టి పెరుగుతుంది. మంచినీళ్ల లేకుల్లో ఇది అరుదు. చేపల గుంపు ఎక్కడుందో గైడ్‌కి తెలుసు, ఎర అతనే తెస్తాడు, చేపలు శుభ్రం చేసి ఇచ్చే గైడ్లు కూడా చాలామంది. ఏడాదికి రెండు ట్రిప్పులతో తీరే కోరికకు వేల డాలర్ల బోటు ఎందుకు?

పాంటూనా, బాస్ బోటా, అల్యూమినియం వీ-హల్లా?

గాలం ఒక్కటే చూస్తే పాంటూన్ మొదటి స్థానంలో రాదు, ముందే చెప్పేస్తున్నా. బాస్ చేపల వేటకోసమే చేసే బాస్ బోటు నీళ్లకు దగ్గరగా, పల్చగా ఉంటుంది. గాలి దాన్ని పెద్దగా తొయ్యదు, మూలమూలకూ వేగంగా తీసుకెళ్తుంది. కానీ అందులో ఇద్దరు, మహా అయితే ముగ్గురు. నీడ ఉండదు, పిల్లలు తిరగడానికి చోటు ఉండదు. అడుగు వీ ఆకారంలో ఉండే అల్యూమినియం బోటు ధర తక్కువ, లాక్కెళ్లడం తేలిక, ఎదురు అలలను కోసుకుంటూ పోతుంది. ఒంటరిగా గానీ ఒక స్నేహితుడితో గానీ వెళ్లేవాళ్లకు నేను చెప్పేది అదే.

పాంటూన్ గెలిచేది మనుషుల లెక్కలో. మా ఇంట్లో జరిగేది ఇది. జూన్‌లో అత్తయ్యగారు, మావయ్యగారు ఇండియా నుంచి వస్తారు. పిల్లలు ఇద్దరు. బావగారి కుటుంబం నలుగురు. ఎండ నలభై డిగ్రీలు. పాంటూన్ అయితే పైన గుడ్డ పందిరి, కూర్చోవడానికి సోఫా, పులిహోర డబ్బా పెట్టుకోవడానికి బల్ల, గేటు దాటి సమతలంగా నడిచి ఎక్కే వీలు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు బాస్ బోటులోకి దిగలేరు, పాంటూన్‌లోకి మాత్రం వరండాలోకి వచ్చినట్టు వచ్చేస్తారు. అక్కడే నా నిర్ణయం అయిపోయింది.

రెండు గొట్టాలా, మూడా?

అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. మూడు గొట్టాల బోటును ట్రైటూన్ అంటారు. డీలర్ దగ్గరికి వెళ్తే అందరూ మిమ్మల్ని దానివైపే నడిపిస్తారు, ఎందుకంటే ధర ఎక్కువ.

రెండు గొట్టాల బోటు నీటిని నెట్టుకుంటూ పోతుంది. 60 నుంచి 115 హార్స్‌పవర్ ఇంజన్‌తో హాయిగా నడుస్తుంది. మలుపు తిప్పితే కాస్త బయటివైపు వాలుతుంది. అలలు పెద్దవైతే అంతస్తు కింద నీళ్లు దబదబా కొడతాయి. ట్రైటూన్ మధ్య గొట్టం వల్ల ఎక్కువ బరువు మోస్తుంది, 150 దాటిన ఇంజన్‌తో నీటిమీదకు లేచి పరిగెడుతుంది, మలుపులో లోపలివైపు వాలుతుంది, అలలున్న నీళ్లలో కుదుపు తక్కువ. దానితోపాటు బోటు బరువు పెరుగుతుంది, ట్రైలర్ పెద్దదవుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చిన్న ఇంజన్‌తో రెండు గొట్టాల కొత్త బోట్లు 20 వేల డాలర్ల పైనుంచి మొదలవుతాయి. మంచి ఇంజన్‌తో ట్రైటూన్ అంటే 50 వేలు దాటడం మామూలే.

లేకును బట్టి చెప్తాను. గ్రేప్‌వైన్‌లోనో, లావన్‌లో ఏదో మూలనో క్రాపీ అనే చేప కోసం ఆగి కూర్చునేవాళ్లకు రెండు గొట్టాలు చాలు. టెక్సోమా నడిబొడ్డున తిరుగుతాను, పది మందిని ఎక్కిస్తాను, పిల్లలను గాలి ట్యూబ్ మీద కూర్చోబెట్టి లాగుతాను అనేవాళ్లకు ట్రైటూన్. లూయిస్‌విల్ రెండింటి మధ్యలో ఉంటుంది. వారం మధ్యలో వెళ్లేవాళ్లకు రెండు చాలు, శనివారాలు మాత్రమే కుదిరేవాళ్లకు మూడు మేలు. నాది రెండు గొట్టాలదే. ఏడాదిలో మూడు నాలుగుసార్లు ట్రైటూన్ ఉంటే బాగుండేది అనిపిస్తుంది. ఆ మూడు నాలుగుసార్ల కోసం ఇరవై వేలు ఎక్కువ పెట్టాలని మాత్రం అనిపించలేదు.

అంతస్తు మీద ఏం పరిచారో తప్పకుండా చూడండి. కార్పెట్ చల్లగా, మెత్తగా ఉంటుంది కానీ గాలపు ముళ్లను పట్టుకుంటే వదలదు, చేప వాసన పీల్చుకుంటుంది. వినైల్ ఎండకు కాలుతుంది, అయినా పైపు పెట్టి కడిగితే పోతుంది. గాలం వేసేవాళ్లకు వినైలే. సీట్ల అమరికలో ముందు సోఫా, వెనక రెండు మూలల్లో తిరిగే ఫిషింగ్ కుర్చీలు, పట్టిన చేపలు బతికుండే నీళ్లతొట్టి, అంటే ఒక లైవ్‌వెల్, ఉన్నది చూసుకోండి. నాలుగు మూలలా ఫిషింగ్ కుర్చీలే ఉన్న బోటు తెస్తే ఇంట్లోవాళ్లు రెండోసారి రారు.

పాతది కొంటే ఏం చూడాలి

నేనైతే మొదటి బోటు పాతదే కొనమంటాను. గొట్టాలు బాగుంటే పాంటూన్ ఏళ్లతరబడి నడుస్తుంది. కాకపోతే ఫొటోలు చూసి అడ్వాన్సులు ఇవ్వకండి.

బోటును నీళ్లలో చూడండి. రెండు వైపులా నీటి గీత ఒకే ఎత్తులో ఉందా? ఒక పక్క కిందికి దిగి ఉంటే ఆ గొట్టంలో నీళ్లు చేరినట్టే. ట్రైలర్ మీద ఉన్నప్పుడు గొట్టాల ముందు కొనల మీద సొట్టలు, అతుకుల దగ్గర పగుళ్లు, గొట్టానికీ అంతస్తుకీ మధ్య ఉండే బ్రాకెట్ల వెల్డింగ్ టార్చి వేసి చూడండి. తర్వాత చెప్పులు విప్పి, మడమతో అంతస్తంతా నొక్కుకుంటూ నడవండి. గేట్ల దగ్గర, వెనక మూలల్లో మడమ కింద మెత్తగా దిగితే కింద ప్లైవుడ్ కుళ్లింది. సీట్ల కుట్లు ఊడితే మళ్లీ కుట్టించుకోవచ్చు. అంతస్తు మార్చాలంటే మాత్రం కంచె, సీట్లు, స్టీరింగు అన్నీ విప్పాలి.

ఇంజన్ కింది భాగంలో గేర్ ఆయిల్ ఉంటుంది. అమ్మేవాడి ముందే ఒక స్క్రూ వదులు చేయించి కొంచెం బయటికి తీయించండి. పాలు కలిపిన టీ రంగులో వస్తే లోపలికి నీళ్లు పోతున్నాయి. ఇది నాకు డబ్బులు పోసి నేర్చుకున్న పాఠం. మొదటి సీజన్‌లో నా గాలపు దారమే ఎప్పుడో ప్రొపెల్లర్ కింద చుట్టుకుంది. నేను చూసుకోలేదు. ఆ సన్నటి దారం తిరిగి తిరిగి, లోపలికి నీళ్లు పోకుండా ఆపే సీలును కోసేసింది. సర్వీసు చేసినాయన ప్రొపెల్లర్ విప్పి, నా చేతిలో పెట్టిన దారపు ఉండ నిమ్మకాయంత ఉంది. బిల్లు ఆరు వందలు. అప్పటి నుంచి సీజన్‌లో రెండుసార్లు ప్రొపెల్లర్ నేనే విప్పి చూసుకుంటాను. ఒక పానా, పది నిమిషాలు చాలు.

కాగితాల దగ్గర టెక్సస్‌లో ఒక ప్రత్యేకత ఉంది. బోటుకు ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్‌కి వేరే టైటిల్. ఈ రెండూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది. ట్రైలర్ కాగితం కౌంటీ ట్యాక్స్ ఆఫీసుది. మూడూ అమ్మేవాడి పేరు మీదే ఉన్నాయో లేదో చూసి, బోటు వెనక చెక్కిన నంబరు, ఇంజన్ నంబరు కాగితాలతో పోల్చుకున్నాకే డబ్బు ఇవ్వండి. "ఇంజన్ టైటిల్ తర్వాత పంపిస్తా" అన్నవాడికి డబ్బు కూడా తర్వాతే పంపండి.

ఎక్కడ పెడతారు, దేనితో లాగుతారు?

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఒడిస్సీ, సియెన్నా మినీవ్యాన్లు లాగగలిగేది 3,500 పౌండ్ల వరకే. 20 అడుగుల పాంటూన్, ఇంజన్, ట్రైలర్, పెట్రోలు కలిపితే ఆ గీత దగ్గరికో, దాటో పోతుంది. పైగా పాంటూన్ ఎత్తైన గోడ లాంటిది, హైవే మీద గాలికి లాగుతుంది. పికప్పో, పెద్ద ఎస్‌యూవీయో లేకపోతే ట్రైలర్ ఆలోచన మానుకోండి. ఇంటి ముందు బోటు పెడితే చాలా హెచ్ఓఏలు, అంటే కాలనీ ఇంటి యజమానుల సంఘాలు, వారంలోపే తీసెయ్యమని ఉత్తరం పంపిస్తాయి.

అప్పుడు మిగిలేవి రెండు. మెరీనాలో నీళ్లలోనే కట్టేసే స్లిప్, లేదా బయట డ్రై స్టోరేజీ. స్లిప్ ఖరీదైనది, కానీ ఆఫీసు అయ్యాక అరగంటలో నీళ్ల మీద ఉంటారు. బోటు ఎక్కువసార్లు వాడేది స్లిప్ ఉన్నవాళ్లే. దీనికి ఇంకో మూల్యం ఉంది. నెలల తరబడి నీళ్లలో ఉంటే గొట్టాలకు నాచు, సున్నపు పొర పడుతుంది, లూయిస్‌విల్ లాంటి లేకుల్లో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు కూడా అతుక్కుంటాయి. ఆపడానికి అడుగున రంగు వేయిద్దామనుకుంటే, రాగి కలిసిన రంగు అల్యూమినియం మీద వేయనివ్వకండి. అది గొట్టాన్నే తినేస్తుంది. ట్రైలర్ మీద ఉంచేవాళ్లు లేకు వదిలే ముందు లైవ్‌వెల్, ఎర బకెట్, ఇంజన్‌లో నీళ్లన్నీ పారబోయాలి. జీబ్రా మసెల్స్ వ్యాపించకుండా 2014 నుంచి టెక్సస్ అంతటా ఇది చట్టం.

మెయింటెనెన్స్ అంటే భయపడేంత ఏమీ లేదు. ఏడాదికొకసారి గానీ వంద గంటలకు గానీ ఇంజన్ ఆయిలు, గేర్ ఆయిలు మార్చాలి. నీళ్లు తోడే ఇంపెల్లర్ రెండు మూడేళ్లకు ఒకటి. పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది కాబట్టి నెలల పాటు ఆపేసేటప్పుడు అది పాడవకుండా స్టెబిలైజర్ కలపాలి. చలికాలంలో ఔట్‌బోర్డ్ ఇంజన్‌ని నిలువుగా కిందికి దించి ఉంచితే లోపలి నీళ్లు వాటంతటవే కారిపోతాయి. పైకి ఎత్తి వదిలేస్తే నీళ్లు నిలిచి, గడ్డకట్టి పగలగొడతాయి.

నిలపడానికి లంగరా, మోటారా?

పాంటూన్ మీద గాలం వేసేవాడి అసలు శత్రువు గాలి. కంచె, పందిరి కలిసి తెరచాపలా పనిచేస్తాయి. చేప ఉన్నచోట బోటు నిలవదు. దీనికి రెండు మందులు. ఒకటి లంగరు. దాన్ని ఎప్పుడూ ముందువైపు నుంచే వేయాలి. నీటి లోతుకు కనీసం ఐదింతలు, గాలి ఉంటే ఏడింతలు తాడు వదలాలి. ఇరవై అడుగుల లోతుకు వంద అడుగుల తాడు అన్నమాట. చాలామంది ముప్పై అడుగుల తాడు వేసి, లంగరు పట్టడం లేదని దాన్ని తిట్టుకుంటారు. గాలిలో వెనకనుంచి మాత్రం లంగరు వేయకండి. బరువైన ఇంజన్ ఉన్నవైపే తాడు లాగుతుంది, అలలు ఆ పక్క నుంచి ఎక్కుతాయి.

రెండోది ముందు బిగించే ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు. జీపీఎస్‌తో ఒకేచోట నిలిపే రకాలు వచ్చాయి. ధర ఎక్కువ. కొంటే చిన్నది కొనకండి. ప్రతి 100 పౌండ్ల బరువుకు రెండు పౌండ్ల థ్రస్ట్, అంటే మోటారు తోసే బలం, అని ఒక లెక్క ఉంది. జనంతో నిండిన 22 అడుగుల పాంటూన్ 4,000 పౌండ్లు అనుకుంటే 80 కావాలి, అంటే 24 వోల్టుల మోటారు, రెండు బ్యాటరీలు. క్రాపీ కోసం గంటల తరబడి ఒకచోట కూర్చునే నాకు లంగరు చాలు. శాండ్ బాస్ చేపల గుంపుల వెంట తిరిగేవాళ్లకు మోటారు కొన్న డబ్బు దక్కుతుంది.

ప్రాణం దగ్గర బేరం లేదు

పాంటూన్ చూడటానికి ఇల్లులా ఉంటుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. బోటు నడుస్తుంటే ముందు గేటు బయట, అంచు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం చాలా సరదాగా ఉంటుంది. జారితే పడేది రెండు గొట్టాల మధ్యకి, అక్కడి నుంచి తిన్నగా ప్రొపెల్లర్ దగ్గరికి. నా బోటులో ముందు గేటు మూసి గొళ్లెం పడితేగానీ ఇంజన్ స్టార్ట్ కాదు, అది మా ఇంటి రూలు. అలాగే వెనక నిచ్చెన మీద ఎవరైనా కాలు పెట్టేముందు ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుంటాను. ఇంజన్ ఊరికే తిరుగుతున్నా వెనక కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు.

బరువు సంగతి నాకు మావయ్యగారి చేప నేర్పింది. రెండేళ్ల కిందట ఆయన ముందు మూలలో నిలబడి గాలం వేస్తుంటే పెద్ద జెల్ల తగిలింది. కర్ర విల్లులా వంగింది. "ఏవండీ, వల తెండి!" అని మా ఆవిడ కేక, ఫోన్లు పట్టుకుని ఎనిమిది మందీ ఆ మూలకే పరుగు. ఆ క్షణంలోనే దూరంగా వెళ్లిన బోటు అల వచ్చి తగిలింది. ముందు గొట్టాల కొనలు నీళ్లలోకి దిగి, అంతస్తు మీదికి చీలమండల ఎత్తు నీళ్లు వచ్చాయి. "వెనక్కి! అందరూ వెనక్కి!" అని నేనరిచాక లేచింది. చేప పోయింది, మావయ్యగారు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు వల పట్టేది ఒక్కరే, ఫొటో తీసేది కూర్చున్నచోటు నుంచే. వేగంగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేసినా ఇదే జరుగుతుంది, మన బోటు రేపిన అలే వెనకనుంచి వచ్చి తోస్తుంది. మెల్లగా తగ్గించండి. పెద్ద అల వస్తుంటే ముక్కు దానికి ఏటవాలుగా పెట్టి, ముందు కూర్చున్నవాళ్లను వెనక్కి పిలవండి.

లైఫ్ జాకెట్ల విషయంలో చట్టం కంటే గట్టిగా ఉండండి. టెక్సస్‌లో 13 ఏళ్లలోపు పిల్లలు బోటు కదులుతున్నంతసేపూ వేసుకోవాలి, పెద్దలకు మనిషికొకటి బోటులో ఉంటే చాలు. ఇక్కడి లేకుల్లో మునిగిపోయిన మన పిల్లల వార్తలు ఎన్ని చదివామో లెక్కలేదు. ఈత రానివాళ్లు ఏ వయసువాళ్లయినా నా బోటులో ఒడ్డు నుంచి ఒడ్డు దాకా జాకెట్ వేసుకునే ఉంటారు. "చెమట పడుతోంది" అన్న మావయ్యగారికి గాలి ఆడే పల్చటి ఫోమ్ రకం కొనిచ్చాను. డ్రైవర్ నీళ్లలో పడితే ఇంజన్ ఆపే తాడు ఒకటి ఉంటుంది, దాన్ని డ్రైవర్ తగిలించుకోవాలి. 26 అడుగులలోపు బోట్లకు 2021 నుంచి ఫెడరల్ చట్టం కూడా అదే చెప్తోంది. 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో ఇలాంటి బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. ముందు పుట్టినవాళ్లకు అక్కర్లేకపోయినా చేసెయ్యండి, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు గాలం పట్టుకున్నా ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి, ఒక్కరోజుది కూడా దొరుకుతుంది.

మొన్న ఫోన్ చేసిన తమ్ముడిది డాలస్ దగ్గరి ఫ్రిస్కో. సియెన్నా ఉంది, హెచ్ఓఏ ఉంది, ఏడేళ్ల కవలలు ఉన్నారు, భార్యకు నీళ్లంటే భయం. ట్రైటూన్‌కి లోన్ కూడా శాంక్షన్ చేయించుకున్నాడు. ఈ ఎండాకాలం నాలుగు అద్దె ట్రిప్పులు, వచ్చే వసంతంలో టెక్సోమాలో ఒక గైడ్ ట్రిప్పు చెయ్యమన్నాను. పిల్లల సైజు జాకెట్లు రెండు మాత్రం ఇప్పుడే కొనమన్నాను. జాకెట్లు కొన్నాడట. లోన్ సంగతి ఇంకా తేల్చలేదు.